టీ హోటలు వారి వాల్యూమ్ కంట్రోలు

మా పాప ఎనిమిది నెలల పిల్లగా ఉన్నప్పుడు మధ్యాహ్నం రెండింటికి పడుకుని మూడున్నరకు లేచేది. రోజు మొత్తంలో ఆ గంటన్నరే నాది. పాపను చీర ఉయ్యాలలో వేసి, ఉయ్యాలకు కట్టిన తాడు రెండో కొసను కాలి బొటనవేలికి చుట్టుకుని, మంచం అంచున కూర్చుని గిటారు ఒళ్ళో పెట్టుకునేదాన్ని. కాలు ఉయ్యాల పని చూసేది, చేతులు గిటారు పని చూసేవి, చెవులు మాత్రం పాప ఊపిరి మీదే ఉండేవి.

గోదావరి స్టేషన్ దగ్గర మేం అద్దెకున్న వీధిలో ఎలక్ట్రిక్ గిటారు ఉన్న ఇల్లు మాదొక్కటే. ఆ సంగతి వీధిలో ఎవరికీ తెలియదు. తెలియకుండా ఉండాలని నేనేమీ దాచలేదు. వినిపిస్తేనే కదా తెలిసేది.

అది నా దగ్గరికి వచ్చిన వైనం చెప్పాలి. పాలకొల్లు దగ్గర మా ఊళ్ళో మిషన్ కాంపౌండు ఉండేది. నాన్నగారు అక్కడి హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయించేవారు. కాంపౌండులో ఉన్న విదేశీ డాక్టరుగారి కుటుంబం తమ దేశం వెళ్ళిపోతూ, వాళ్ళబ్బాయి వాయించుకునే ఎర్ర గిటారును చర్చిలో పాడే కుర్రాళ్ళకు వదిలి వెళ్ళారు. కుర్రాళ్ళు నెల రోజులు దాని చుట్టూ మూగారు. వేళ్ళు బొబ్బలెక్కాక మళ్ళీ తబలా, తాళాల దగ్గరికి వెళ్ళిపోయారు. నేను వెళ్ళలేదు. కాలేజీలో ఫిజిక్సు చదువుతూ సెలవులకు ఇంటికి వచ్చినప్పుడల్లా నాన్నగారి హార్మోనియం పక్కన కూర్చుని ఒక్కో కీర్తనా గిటారు మీద వెతుక్కున్నాను.

గిటారుకు ఒక చెక్క పెట్టె తోడు. మైకుసెట్టు కట్టే ఒకాయన దాన్ని చేసిచ్చాడు. లోపల స్పీకరు, ముందు ఒక స్విచ్చు, ఒక ఎర్ర దీపం. అంతే. చప్పుడు పెంచడానికీ తగ్గించడానికీ పెట్టె మీద నాబ్ లేదు. పెట్టె మీద నాబ్ ఉంటే ప్రార్థన మధ్యలో ఎవరు పడితే వాళ్ళు తిప్పుతారనీ, గిటారు మీద ఉన్నది చాలుననీ సంఘ పెద్దలు ముందే చెప్పారట. వాయించేవాళ్ళ చేతిలో ఒకటి ఉంది కదా, రెండోది దేనికని. అందుకని ఎంత చప్పుడు కావాలన్నా గిటారు మీది వాల్యూమ్ నాబే దిక్కు. దాని పక్కనే టోను నాబ్. రెండింటి మీదా సున్నా నుంచి పది దాకా అంకెలు.

నా పెళ్ళికి సంఘం వాళ్ళు ఆ గిటారునూ పెట్టెనూ కానుకగా ఇచ్చేశారు. "ఇక్కడ దాన్ని ముట్టుకునేవాళ్ళు లేరమ్మా, బూజు పడుతుంది. నీతో తీసుకెళ్ళు" అన్నారు పాస్టరుగారు. వెనక ఎవరో పెద్దాయన, "బిందె ఇద్దామన్నాను నేను, నా మాట ఎవడు విన్నాడు" అని గొణగడం నాకు బాగా గుర్తు.

మావారు గూడ్సు రైలు గార్డు. రాజమండ్రిలో బండెక్కితే ఎప్పుడు దిగుతారో ఆయనకే తెలియదు. ఒకసారి ఇరవై గంటలు, ఒకసారి రెండు రోజులు. దిగి వచ్చాక స్నానం, అన్నం, నిద్ర. ఆయన మంచివారే. నిద్రపోతున్నప్పుడు కూడా మంచిగానే నిద్రపోయేవారు. కానీ ఇంట్లో ఇద్దరు నిద్రపోతుంటే మూడో మనిషికి మిగిలే పని చప్పుడు చెయ్యకుండా ఉండటమే. గిన్నెలు గుడ్డ మీద బోర్లించేదాన్ని. తలుపు గడియకు నూనె రాసేదాన్ని.

కింద వాటాలో ఇంటివాళ్ళు. వాళ్ళకు మెయిన్ రోడ్డులో ఇత్తడి సామాన్ల కొట్టు ఉంది. ఇంటావిడను పిన్నిగారూ అని పిలిచేదాన్ని. ఆవిడ ఎవరింటికి వెళ్ళినా నా గురించి ఒకటే మాట చెప్పేవారు. "మా పైవాటా అమ్మాయి బంగారమండీ. పైన మనుషులున్నారో లేరో కూడా తెలీదు." ఆ మాట విన్న మొదటిసారి సంతోషించాను.

పాప పుట్టాక నాకొక జబ్బు పట్టుకుంది. పాప నిద్రపోతుంటే ఊపిరి ఆడుతోందో లేదో అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూడటం. చూసి వచ్చి కూర్చున్న రెండు నిమిషాలకే మళ్ళీ లేచేదాన్ని. పుట్టినప్పుడు బరువు తక్కువ. డాక్టరమ్మగారు, "పిల్ల శుభ్రంగా ఉంది, నువ్వే నీరసంగా ఉన్నావు" అన్నారు. నేను నమ్మలేదు. నిద్ర పాడైతే పాలు తాగదు, పాలు తాగకపోతే బరువు పెరగదు, బరువు పెరగకపోతే. అక్కడిదాకా వచ్చి ఆగిపోయేదాన్ని. ఆ లెక్కలో పాప నిద్ర నా కాపలాలో ఉన్న వస్తువు. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు, ముఖ్యంగా నేను.

మరి గిటారు ఎందుకు అంటే ఏం చెప్పను. పొద్దున్నుంచీ పాపతో "ఉంగా" అనడం తప్ప నోట మాట లేని రోజులుండేవి. అలాంటి రోజు ఒక కీర్తన నెమ్మదిగా మొదలుపెట్టి చివరిదాకా వాయిస్తే, ఎవరితోనో కాసేపు కూర్చుని వచ్చినట్టుండేది. పెట్టెకు తగిలించకుండా ఊరికే తీగలు మీటితే దోమ పాడినట్టు ఉంటుంది. స్వరం పుట్టిన చోటే చచ్చిపోతుంది. కీర్తనకు స్వరం సాగాలి. పెట్టెలో దీపం వెలగాలి, స్వరం సాగాలి, కానీ పాప ఊపిరి కంటే ఎక్కువ వినబడకూడదు. అలాంటి చోటు నాబ్ మీద ఒకటే ఉండేది, ఒకటికీ రెండుకీ మధ్య. అక్కడ పెట్టి వాయించుకునేదాన్ని.

ఆ చోటే పాడైంది. కొన్నాళ్ళుగా నాబ్ తిప్పితే పెట్టెలో ఇసుక మీద నడిచినట్టు గరగరమంటోంది. ఒక మధ్యాహ్నం ఒకటి దాకా తిప్పాను, ఏమీ లేదు. ఇంకొంచెం తిప్పాను, ఏమీ లేదు. వెంట్రుకవాసి తిప్పేసరికి గది గదంతా ఒక్కసారి గుయ్యిమంది. నాబ్ రెండు దగ్గరే ఉంది, చప్పుడు మాత్రం పది దగ్గర ఉన్నట్టుంది. పాప రెండు చేతులూ గాల్లోకి విసిరి, వేళ్ళు విప్పి, ఒక క్షణం నోరు తెరిచి చప్పుడు లేకుండా ఉండిపోయింది. తర్వాత ఏడుపు. గంటసేపు. మర్నాడు ఒళ్ళు వెచ్చబడింది. పళ్ళు వస్తున్నాయి, వాటి వల్లే అని కింద పిన్నిగారు అన్నారు. పన్ను కనబడింది కూడా. అయినా గిటారును గుడ్డలో చుట్టి బీరువా పైన పెట్టేశాను. నాలుగు నెలలు దాని వంక చూడలేదు.

ఆ నాలుగు నెలల గురించి పెద్దగా రాయడానికి లేదు. మధ్యాహ్నం పాప పడుకున్నాక ఉయ్యాల తాడు వేలికి చుట్టుకుని ఊరికే కూర్చునేదాన్ని. వంతెన మీద రైళ్ళు వెళ్ళే మోత వినేదాన్ని. ఎక్స్‌ప్రెస్సుకో మోత, గూడ్సుకో మోత. గూడ్సు అయితే చివరి పెట్టెలో గార్డు ఉంటాడు కదా అనుకునేదాన్ని.

ఒక ఆదివారం మావారు అన్నం తింటూ బీరువా పైకి చూసి, "అదేంటి, వాయించడం మానేశావా?" అన్నారు.

"మానేసి నాలుగు నెలలైందండీ."

"అవునా? వాయిస్తున్నావనుకున్నాను నేను."

"ఎప్పుడు విన్నారు?"

"వినలేదనుకో. నువ్వు వాయించినా నాకు వినబడదుగా." ఆయన నవ్వారు. నా మొహం చూసి నవ్వు ఆపేశారు. నాబ్ సంగతి చెప్పాను. "నాబ్ పాడైతే రేడియో షాపులో మార్చేస్తారు. దానికింత దిగులెందుకు?"

అలా పాపను భుజాన వేసుకుని, గిటారును దుప్పట్లో చుట్టి రిక్షాలో పెట్టుకుని మెయిన్ రోడ్డు వెనక సందులోని రేడియో షాపుకు వెళ్ళాను. షాపాయనకు యాభై దాటి ఉంటాయి. కళ్ళజోడు తాడుతో మెడకు కట్టుకున్నాడు. నాలుగు రేడియోలు విప్పి పెట్టి ఉన్నాయి. వాటిలో మూడు ఒకేసారి మోగుతున్నాయి, మూడింట్లోనూ మూడు రకాలు.

దుప్పటి విప్పగానే ఆయన, "సినిమా వాళ్ళాండీ మీరు?" అన్నాడు.

"కాదండీ. రైల్వే వాళ్ళం."

"రైల్వేలో గిటార్లు కూడా ఇస్తున్నారా ఇప్పుడు?" అని, దాన్ని తిరగేసి వెనక మూత విప్పాడు. నాబ్ కింద ఉండే కంట్రోలు బయటికి తీసి ఊదాడు. "అరిగిపోయిందండి. వేరేది వేసేద్దాం. పదినిమిషాలు."

పదినిమిషాల్లో వేసేశాడు కూడా. ఇంటికి తెచ్చి పెట్టెకు తగిలించాను. గరగర లేదు. చప్పుడు తక్కువగానే ఉంది. మొదట సంతోషం వేసింది. కీర్తన మొదలుపెట్టాక అర్థమైంది. నోటికి గుడ్డ కట్టిన మనిషి పాడినట్టుంది. పది దాకా తిప్పినా గుడ్డ ఊడలేదు. చప్పుడు తక్కువైతే చాలని నేను అనుకున్నది తప్పు. నాకు కావాల్సింది చిన్న గొంతు. మూసేసిన గొంతు కాదు.

మర్నాడు మళ్ళీ షాపుకు వెళ్ళి కంట్రోలు ఏం వేశారని అడిగాను.

"ట్రాన్సిస్టర్‌దండి. ఊరంతటికీ అదే వేస్తాను నేను."

"దాని రెసిస్టెన్సు ఎంతండీ?"

ఆయన కళ్ళజోడు సరిచేసుకుని నన్ను చూశాడు. "టెన్ కే. పదివేల ఓమ్‌లు."

"పాతదాని మీద ఎంతుందో చూశారా?"

చెత్తబుట్టలోంచి పాతది వెతికి తీసి వెలుతురులో తిప్పాడు. "రెండొందల యాభై కే." దాన్ని బల్ల మీద పెట్టి, "తప్పు నాదేనండి అమ్మాయిగారూ" అన్నాడు. "గిటారంటే రేడియో లాంటిదేననుకున్నాను. తీగల కింద ఉండే దీని కాయిల్ బలహీనం. టెన్ కే వేస్తే కరెంటంతా అందులోనే కారిపోతుంది. ఇంతకీ మీకు ఇవన్నీ ఎలా తెలుసు?"

"బి.ఎస్సీ. ఫిజిక్సండి."

"అయితే లోపలికొచ్చి కూర్చోండి. ఇంక నా ఒక్కడి వల్ల కాదు."

స్టూలు వేశాడు. పాప భుజం మీదే నిద్రపోయింది. ఆయన కొత్త కంట్రోళ్ళు నాలుగు బల్ల మీద పెట్టాడు. "ఇవి వన్ మెగ్, అంటే వెయ్యి కే. పాత వాల్వు రేడియోలవి. ఇవి వేస్తే గొంతు మరీ కీచుగా వస్తుంది. ఇవి ఫైవ్ హండ్రెడ్ కే. మీ పాతదానికి దగ్గర. కొంచెం కీచుదనం ఉంటుంది, టోనుతో తగ్గించుకోవచ్చు. తీసుకోండి."

"లాగ్ రకమా, లీనియరా?"

"లాగ్ కొత్తవి దొరకట్లేదండి. మద్రాసు నుంచి రావాలి. రెండూ ఒకటే, తిప్పితే పెరుగుద్ది."

"మీటరు ఒకసారి ఇస్తారా?"

కంట్రోలును సరిగ్గా సగానికి తిప్పి మీటరు ముళ్ళు ఆనించాను. సూది కూడా సగం దగ్గరే నిలబడింది. ఇది వద్దన్నాను. ఎందుకో ఆయనకు అర్థం కాలేదు. చెప్పాను. చెవి లెక్క కూడికల లెక్క కాదు. చప్పుడు రెండింతలు చేస్తే చెవికి కాస్త పెరిగినట్టే ఉంటుంది. అందుకని మొదట్లో చాలా మెల్లగా పెరిగి, చివర్లో గబగబా పెరిగే కంట్రోలైతేనే చెవికి సమంగా పెరిగినట్టు వినబడుతుంది. అదే లాగ్. సూది సగానికి రాకూడదు, పదోవంతు దగ్గర ఉండాలి. లీనియర్ అయితే ఒకటి దాటేసరికే సగం చప్పుడు వచ్చి పడుతుంది, మిగిలిన తొమ్మిది అంకెలూ దండగ.

చెబుతూ చెబుతూ నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పాప పుట్టాక ఒక పూర్తి విషయం మొదటి నుంచి చివరిదాకా ఎవరికైనా చెప్పడం అదే మొదటిసారి. కాలేజీలో లాగరిథమ్ పుస్తకం అట్ట ఏ రంగో కూడా గుర్తొచ్చింది.

ఆయన శ్రద్ధగా విని, "బాగుందండి. ముప్పై ఏళ్ళుగా లాగ్, లాగ్ అంటున్నాను, ఇవాళ తెలిసింది" అన్నాడు. "కానీ అంత కింద చప్పుడు మీకు దేనికండీ? గిటారు కొనేవాడు ఎవడైనా ఊరు అదిరిపోవాలంటాడు."

"పాప నిద్రపోతుంటే వాయించుకోవాలి."

ఆయన మోగుతున్న మూడు రేడియోల వంకా, నా భుజం మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్న పాప వంకా చూశాడు. "ఇక్కడ నిద్రపోతోంది కదండీ?"

"ఇది వేరండి. ఇది బజారు."

"బజారు చెవుల్లోంచి వెళ్ళదాండీ?"

పాప వీపు మీద చెయ్యి వేసి ఊపిరి చూసుకున్నాను.

ఆయన బల్ల కిందనుంచి ఒక బిస్కెట్ డబ్బా తీశాడు. అందులో పాత రేడియోల నుంచి ఊడదీసిన కంట్రోళ్ళు ఉన్నాయి. అన్నీ లాగ్ రకమే, అన్నీ వాడినవే. "వీటిలో వెతకాలి. కానీ పాతవి తీసుకునేటప్పుడు ఒకటి చూడాలండి. ఎక్కడ అరిగిందో చూడాలి" అంటూ ఒకదాని వెనక రేకు విప్పి నా చేతిలో పెట్టాడు. లోపల గుర్రపు నాడా ఆకారంలో నల్లటి కార్బన్ పట్టీ. దాని మీద ఒక చోట మాత్రం గీతలు పడి మెరుస్తోంది.

"ఇది ఒక మాస్టారుగారింటి రేడియోది. రోజూ వార్తలు. ఇదిగో, సగం దగ్గర అరిగింది. ఆ చోటు దాటి నాబ్ అటూ ఇటూ జరిగేది కాదు." ఇంకొకటి విప్పాడు. "ఇది చూడండి, మొదట్లోనే అరిగింది. పక్షవాతంతో మంచంలో ఉన్న పెద్దాయన ఉండేవారు ఆ ఇంట్లో. ఆయనకు తెలియకుండా వినేవారు కోడళ్ళు. ఇది మీకు అస్సలు పనికిరాదు. మీక్కావాల్సిన చోటే లేదు ఇందులో."

ఆ నల్ల పట్టీల వంక చూస్తూ ఉండిపోయాను. ఏ ఇంట్లో ఎంత చప్పుడు చెయ్యనిచ్చారో అందులో తెలిసిపోతోంది.

డబ్బా అడుగు నుంచి జిడ్డు పట్టినది ఒకటి తీసి ఆయన మొహం వెలిగిపోయింది. "ఇదండి. కోటగుమ్మం దగ్గర టీ హోటలు వాళ్ళది. ఎప్పుడూ ఫుల్లే. ఆపాలంటే గోడకున్న స్విచ్చు ఆపేవారు, నాబ్ తగ్గించేవారు కాదు. తిప్పితే చివర్లోనే, ఇంకేమైనా పెరుగుద్దేమోనని. పొద్దున్నే మళ్ళీ ఫుల్లే." రేకు విప్పి వెలుతురుకు పెట్టాడు. చివర పావువంతు మేర తెల్లగా అరిగిపోయింది. మొదలు నుంచి ముప్పాతిక దాకా పలక బలపంలా నల్లగా, ఒక్క గీత లేకుండా ఉంది. "కింద చప్పుడంతా కొత్తదే. ఒక్కరు కూడా వాడలేదు. మీకోసమే ఉంచినట్టుంది."

సగానికి తిప్పి మీటరు పెట్టాను. సూది పదోవంతు దగ్గర నిలబడింది. అదే తీసుకున్నాను.

టోను కంట్రోలుకు మాత్రం వెతకాల్సిన పని పడలేదు. "టోను ఎవరూ తిప్పరండి" అన్నాడాయన. "కొన్న రోజు ఒకసారి తిప్పి చూస్తారు. తర్వాత అలా వదిలేస్తారు. ఏ ఇంటిదైనా కొత్తదే." మొదట చేతికి వచ్చింది వేశాడు. దాన్ని మూడు దగ్గర పెడితే తీగల పదును పోయి, స్వరం గుండ్రంగా అయింది. నేనైతే దాన్ని రోజూ తిప్పుతాను. పొద్దుటి కీర్తనలకు ఒకలా, సాయంకాలం కీర్తనలకు ఒకలా.

టీ హోటలు కంట్రోలు వెనక స్విచ్చు ఒకటి ఉండేది. అది గిటారులో పట్టలేదు. పైగా సున్నా దాటగానే టిక్కుమనేది. ఆ టిక్కు కూడా వద్దన్నాను.

"అబ్బో" అన్నాడాయన. "టిక్కుకు కూడా లేస్తుందా మీ పాప?"

"లేవచ్చు కదండీ."

స్విచ్చు పీకేశాడు. నాబ్ తొడిగే కాడను రంపంతో కురచగా కోసి, పాత అంకెల నాబ్‌నే బిగించాడు.

ఆ మధ్యాహ్నం పాపను ఉయ్యాలలో వేసి నాబ్ సున్నా నుంచి తిప్పాను. చప్పుడు ఎప్పుడు మొదలైందో తెలియలేదు. తెల్లవారడం మొదలైనట్టు మొదలైంది. ఒకటి దగ్గర తీగ మీటితే ఉయ్యాల దూలం కిర్రుమన్నంత చప్పుడు. ఒకటిన్నర దగ్గర కీర్తన పూర్తిగా వినబడింది, దాని వెనక పాప ఊపిరి కూడా. మూడు కీర్తనలు వాయించాను. మూడింటికి కింద పిన్నిగారు పెరట్లో బట్టలు ఆరేస్తూ పక్కింటావిడతో, "పైన ఉన్నారో లేరో" అంటున్నారు. నాకు గర్వంగా అనిపించింది.

అలా ఏడాది గడిచింది. ఎన్ని మధ్యాహ్నాలు వాయించానో లెక్కలేదు. మావారు ఇంట్లో ఉన్న రోజు కూడా వాయించేదాన్ని. ఆయన పక్క గదిలో నిద్రపోయేవారు. ఒకసారి లేచి వచ్చి గుమ్మంలో నిలబడి, నా వేళ్ళు కదలడం చూసి, "వాయిస్తున్నావా?" అని అడిగారు. అవునన్నాను. తల పంకించి మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు. పాప నడిచింది. పడింది. నాలుగు మాటలు నేర్చుకుంది. ఉయ్యాల తీసేసి మంచం మీద పడుకోబెట్టడం మొదలుపెట్టాను. కాలి వేలికి తాడు లేకపోయినా కాలు ఆడుతూనే ఉండేది. ఆ ఏడాదిలో నా గిటారు విన్న మనిషి ఒక్కరూ లేరు. అప్పట్లో నాకది తోచలేదు.

పోయిన వారం మళ్ళీ గరగర మొదలైంది. ఒకటికీ రెండుకీ మధ్యే.

పాత భయం అలాగే పైకి వచ్చింది. మర్నాడే షాపుకు వెళ్ళాను. పాప ఆయన బల్ల మీద ఉన్న నాబ్‌లన్నీ గుప్పిట్లో పట్టుకుని ఆడుతుంటే ఆయన కంట్రోలు బయటికి తీసి రేకు విప్పాడు. చాలాసేపు చూశాడు. నాకు అందించాడు.

మొదట్లో ఒక గోరంత మేర తెల్లగా, కార్బన్ లేచిపోయి, కింద అట్ట కనబడుతోంది. చివర టీ హోటలు వాళ్ళ అరుగుదల అలాగే ఉంది. మధ్యలో అంతా నల్లగా, ఎవరూ అడుగు పెట్టనట్టు ఉంది.

"అమ్మాయిగారూ" అన్నాడాయన. "మీరు ఏమీ అనుకోనంటే ఒక మాట. ఇది ఎవరిదో తెలియకుండా నా చేతికొస్తే, పక్షవాతం మనిషి ఉన్న ఇంటిదే అనుకుంటాను."

ఆయన డబ్బా తీయబోయి, మళ్ళీ ఆగాడు.

"ఇంకొకటి వెతకమంటే వెతుకుతాను. ఇది కూడా పనిచేస్తుంది. రెండు దాటితే కొత్తదే. అక్కడినుంచి గరగర ఉండదు."

"రెండు దాటితే పాప లేస్తుందండి."

"లేచిందా ఎప్పుడైనా?"

లేచింది, ఒకసారి, అని చెప్పబోయాను. అది ఎనిమిది నెలల నాటి మాట. ఆ తర్వాత ఎప్పుడు? ఆ తర్వాత నేను రెండు దాటలేదు. బల్ల మీద మూడు రేడియోలు మోగుతున్నాయి. పాప వాటి మధ్య కూర్చుని నాబ్‌లు ఒకదాని మీద ఒకటి పేరుస్తోంది.

"అదే బిగించండి" అన్నాను.

ఇది రాస్తున్నది రాత్రిపూట. మావారు డ్యూటీలో ఉన్నారు. పాప మంచం మీద అడ్డంగా పడుకుంది. ఇందాక రెండుసార్లు లేచి వెళ్ళి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఆ అలవాటు పోలేదు. పోతుందని కూడా చెప్పలేను. కానీ ఇవాళ మధ్యాహ్నం జరిగింది రాయాలి.

రెండింటికి పాప పడుకుంది. పెట్టె స్విచ్చు వేశాను, ఎర్ర దీపం వెలిగింది. ఒకటి దగ్గర గరగర. ఒకటిన్నర దగ్గర గరగర. చెయ్యి అక్కడే ఆగింది. పాప వంక చూశాను. నాబ్ తిప్పాను. రెండు. గరగర ఆగిపోయింది. మూడు. పెట్టె హమ్మని శ్వాస తీసింది. నాలుగు దగ్గర ఆపి తీగ మీటాను.

స్వరం గది నాలుగు మూలలకూ వెళ్ళి వచ్చింది. గ్లాసు మీద మూత చిన్నగా కంపించింది. పాప వీపు కదిలింది. పాప బొటనవేలు నోట్లో పెట్టుకుని గోడ వైపు తిరిగి పడుకుంది. కొంచెంసేపటికి నేను రెండో తీగ మీటాను. నాన్నగారు హార్మోనియం మీద సాయంకాలాలు వాయించే కీర్తన. మొదటి చరణం, పల్లవి, రెండో చరణం. నా చేతులు ఎప్పుడూ వాయిస్తున్నవే అయినా, అది పెద్దగా ఎలా ఉంటుందో మరిచిపోయాను. రెండో చరణంలో ఒక చోట తప్పు వేలు పడింది. చిన్నగా వాయించినన్నాళ్ళూ అది తప్పని నాకు తెలియనే లేదు.

పల్లవికి తిరిగి వస్తుండగా కింద పెరట్లో చీపురు చప్పుడు ఆగింది. మెట్ల దగ్గరికి అడుగులు వచ్చాయి.

"అమ్మాయ్" అని పిలిచారు పిన్నిగారు. "పైకి ఎవరొచ్చారు?"

తీగల మీద అరచెయ్యి ఆనించాను. చప్పుడు ఆగింది. పాప ఊపిరి వినబడింది.

"ఎవరూ రాలేదండి పిన్నిగారూ" అన్నాను. "నేనే."

అడుగులు వెనక్కి వెళ్ళాయి. తర్వాత చీపురు మళ్ళీ మొదలైంది. నాబ్ వంక చూశాను. నాలుగు దగ్గరే ఉంది. దాన్ని అక్కడే ఉంచి, తప్పు పడిన చోటు నుంచి మళ్ళీ మొదలుపెట్టాను.